షెల్బర్న్ హోటలులో రెండు రాత్రులు

మదనపల్లెలో కాపురమున్నవారికి ఐర్లండు పేరు బొత్తిగా క్రొత్తది కాదు. మా యూరి కళాశాలలో నూఱేండ్లకు పూర్వము పని చేసిన జేమ్సు కజిన్సుగారును, వారి భార్య మార్గరెట్టుగారును ఐర్లండువారే. 1919వ సంవత్సరమున రవీంద్రనాథ ఠాకూరుగారు మా యూరికి వచ్చినపుడు జనగణమన గీతమునకు స్వరము వ్రాసి నిలిపినది ఈ మార్గరెట్టుగారే. చిన్ననాట మా నాయనగారు ఆ కళాశాల ప్రక్కగా నన్ను నడిపించుకొని పోవునపుడు, "ఆమె యెంత దూరమునుండి వచ్చినదో యెఱుగుదువా?" అని యడిగెడివారు. అంత దూరమును నేనును ఒకనాడు పోవుదునని అప్పుడు నాకును తోచలేదు, మా నాయనగారికిని తోచలేదు.

బడి చదువు నాకు పదవ తరగతితో ముగిసినది. పిదప మా నాయనగారు ఇంటిలోనే నాకు భాగవతమును, మనుచరిత్రమును పాఠము చెప్పిరి. మనుచరిత్రములో ప్రవరుని కథ మీ రెఱిగినదే. తీర్థములు తిరిగి వచ్చినవారిని ఇంటికి పిలిచి, అన్నము పెట్టి, వారు చూచిన దేశముల ముచ్చట లడిగి తెలిసికొని సంతోషించు గృహస్థు. ఒకనాడు సిద్ధు డొకడు పాదములకు పసరు పూయగా హిమాలయమునకు పోయి వ్రాలినాడు. ఆ పాఠము జరుగుచుండగా నేను, "నాయనా, ఆ యతిథు లందఱికిని వండి వార్చినది ఆయన భార్య గదా! ఆమె పాదముల కెవరును పసరు పూయలేదేమి?" అని యడిగితిని. మా నాయనగారు నవ్వి, "పెద్దన ఆమెను అన్నపూర్ణతో సాటి చెప్పినాడమ్మా. అంతకంటె నేమి కావలెను?" అనిరి. ఆ సమాధానము నా కప్పుడు చాలినది. పెండ్లియై పదునేడేండ్లు వంటయింట గడచిన పిదప చాలలేదు.

నా పాదములకు పసరు పూసినవాడు మా తమ్ముడు. మా నాయనగారు కాలము చేసిన తరువాత వాడు ఇంటరు మొదలు ఇంజనీరింగు ముగియు వఱకు ఆఱేండ్లు మా యింటనే యుండి చదువుకొన్నాడు. ఇప్పుడు డబ్లిను నగరమున సాఫ్టువేరు ఉద్యోగము. వేసవి సెలవులలో మా దంపతులను తప్పక రావలసినదని పట్టుపట్టి విమానపు టిక్కెట్టులు పంపినాడు. వీసా దరఖాస్తును మా వారే కూర్చుండి నింపిరి. వారు ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రోపాధ్యాయులు. కాగితములు నింపుటలో దిట్ట. వారి వృత్తి యన్న గడిలో "ఉపాధ్యాయుడు" అని వ్రాసిరి. నా వృత్తి యన్న గడిలో ఒక్క క్షణమైనను ఆగక "ఏమియు లేదు" అని వ్రాసిరి. అప్పుడు నేను వారికి ఉప్మాపళ్ళెము అందించుచు వెనుక నిలుచుండి యుంటిని. చూచితిని, ఏమియు ననలేదు. పళ్ళెము బల్లపై నుంచి లోపలికి పోతిని.

బెంగుళూరులో విమాన మెక్కి, నడుమ ఒక ఎడారి నగరమున మఱియొక విమానమునకు మాఱి, మే నెల చివర డబ్లిను చేరితిమి. తమ్ముని యిల్లు చిన్నది. వాని భార్య తల్లిదండ్రులును అప్పు డక్కడనే యుండిరి. కొన్ని దినములు గడచిన పిదప వాడొక సాయంకాలము, "అక్కా, ఆఱేండ్లు నీవు నాకు వండి పెట్టితివి. రెండు దినములు నీకు ఇంకొకరు వండి పెట్టగా కూర్చుండి తినుము. షెల్బర్న్ హోటలులో మీ యిద్దఱికిని గది తీసికొంటిని" అనెను. వెల యెంతయని మా వారు రెండు మాఱు లడిగిరి. వాడు రెండు మాఱులును మాట మార్చినాడు.

ఈ హోటలు డబ్లిను నగరమునకు నడిబొడ్డున నున్నది. దీనికి ఎదురుగా సెయింట్ స్టీఫెన్స్ గ్రీన్ అను 22 ఎకరముల తోట. ప్రక్క వీథి యైన కిల్డేరు వీథిలో వారి శాసనసభ, జాతీయ గ్రంథాలయము, పురావస్తు ప్రదర్శనశాల ఉన్నవి. తోట పడమటి అంచున ట్రాముబండి పోవుచుండును. వాయవ్య మూలనుండి గ్రాఫ్టన్ వీథి యను అంగళ్ళ వీథి మొదలగును. ఆ వీథి చివర ట్రినిటీ కళాశాల. అందు వేయేండ్లకు పైబడిన కెల్సు గ్రంథమను చిత్రలిఖితమైన పుస్తకమును అద్దపు పెట్టెలో నుంచి చూపుదురు. వీని నన్నిటిని మేము కాలినడకనే చూచితిమి. ఊరి నడుమ దిగుటలో గల సౌకర్య మిదియే. కాళ్ళు నొచ్చినచో గదికి వచ్చి కొంతసేపు నడుము వాల్చి మరల పోవచ్చును.

1824వ సంవత్సరమున టిప్పెరరీ సీమనుండి వచ్చిన మార్టిన్ బర్క్ అనునతడు తోటకు ఎదురుగా నున్న మూడు మేడలను కొని కలిపి ఈ హోటలును స్థాపించెను. షెల్బర్న్ ప్రభువను నొక ఆంగ్ల ప్రధానమంత్రి పేరు దీనికి పెట్టినాడు. 1867వ సంవత్సర ప్రాంతమున పాత మేడలను తీసి ఇప్పుడున్న ఎఱ్ఱ ఇటుకల భవనమును కట్టిరి. 2024వ సంవత్సరముతో దీనికి రెండు వందల యేండ్లు నిండినవి. ఆ దేశమున మహాక్షామము వచ్చి పది లక్షల మంది మరణించిన కాలమునను, స్వాతంత్ర్య యుద్ధమునను, అంతర్యుద్ధమునను ఈ గడప తెఱచియే యున్నదని చెప్పుదురు.

ద్వారమునకు అటునిటు దీపములు చేతబట్టిన నాలుగు స్త్రీ విగ్రహములున్నవి. రెండు ఐగుప్తు దేశపు స్త్రీల రూపములు, రెండు దానికి దక్షిణమున నున్న నూబియా దేశపు స్త్రీల రూపములు. మా పరివార మంతయు లోపలికి పోయినను నేను మెట్లమీదనే నిలిచిపోయితిని. మన దేవాలయములలో గర్భగుడి ముంగిట దీపపుసెమ్మె పట్టుకొని నిలుచు దీపకాంతలు నాకు జ్ఞప్తికి వచ్చిరి. వీరిని గూర్చి తమ్ముడొక కథ చెప్పినాడు. 2020వ సంవత్సరము జూలై నెలలో హోటలు యజమానులు ఈ విగ్రహములను తీసివేయించిరట. వీరిలో ఇద్దఱు బానిస స్త్రీలనియు, కాళ్ళకున్నవి సంకెళ్ళనియు అపవాదు కలిగినది. తరువాత శిల్పచరిత్ర మెఱిగిన పండితులు పరిశీలించి, ఇవి సంకెళ్ళు కావు, కాలి కడియములని తేల్చిరి. డిసెంబరు నెలలో విగ్రహములు మరల తమ తమ పీఠములపై నెక్కినవి.

"ఒక్క వస్తువు! ఒకరి కంటికి సంకెల, ఒకరి కంటికి కడియము" అని మా వారు నవ్విరి. నేను నవ్వితిని గాని, ఆ మాట నా వెంట గదిలోనికిని వచ్చినది.

గది రెండవ యంతస్తులో తోటవైపున నున్నది. ఎత్తైన కిటికీలు, పట్టెమంచమునకు రెట్టింపు వెడల్పుగల మంచము, దూదికంటె తెల్లని దుప్పట్లు. నేను గదిలో అడుగిడగానే చేసిన పని యేమనుకొన్నారు? కిటికీ అంచున దుమ్మున్నదేమోయని వ్రేలితో రాచి చూచితిని. లేదు. స్నానపుగదిలో కుళాయి తుడువవలసి యున్నదేమోయని చూచితిని. లేదు. చేయుటకేమియు లేక కుర్చీలో కూర్చుంటిని. రెండు నిమిషములలో లేచితిని. ఆ దేశమున ఆ ఋతువున రాత్రి తొమ్మిదిన్నర దాటిన పిదప గాని సూర్యు డస్తమింపడు. సంధ్యాదీపము పెట్టు వేళ యెప్పుడో తెలియదు. పెట్టవలసిన గూడు నాది కాదు. మన యింట ఒక్కొక్క పనియు గడియారపు గంటవలె ఒక్కొక్క వేళను తెలుపును. పనులు లేనిచోట నాకు వేళలే తెలియలేదు.

మఱునాడు తెల్లవాఱకమునుపే మెలకువ వచ్చినది. అలవాటు చొప్పున దుప్పట్లు దులిపి, మడతలు పెట్టి, దిండ్లు సవరించి, తడితువాళ్ళు ఆరవేసి, గది మూలలు సర్దితిని. తొమ్మిది గంటలకు గది సవరించు స్త్రీ తలుపు తట్టినది. బ్రెజిలు దేశస్థురాలు, నా యీడుది. మంచమును చూచి ఆశ్చర్యపడి, పక్కున నవ్వి, "అమ్మా, ఇది నా పని. మీరు చేసినచో నేనేమి చేయుదును?" అనెను. నాకు వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషులో, "మా యింట ఇది నా పని" అంటిని. ఆమె మంచము చుట్టును తిరిగి నేను పెట్టిన మడతలను చూచి, తోటి పనివారు మెచ్చుకొనినట్లు తల యూచి, "బాగుగ చేసితిరి. అక్కడ మీకు వారమున సెలవు ఏ దినము?" అని యడిగెను.

ఆమె ఆ ప్రశ్నను ఎత్తిపొడుపుగా నడుగలేదు. తనకు వారమున రెండు దినములు సెలవట. ఆ దినములలో బ్రెజిలులో తన తల్లి యొద్ద నున్న కుమార్తెతో ఫోనులో మాటాడునట. నాకును అట్లే యేదో దినము ఉండునని నమ్మి యడిగినది. నేను జవాబు కొఱకు వెదకితిని. ఆదివారమందునా? ఆ దినము మా వారు ఇంట నుందురు గనుక రెండు కూర లెక్కువ. పండుగలందునా? చెప్పనక్కఱలేదు. "ఈ దినము" అని మాత్రము చెప్పి తప్పించుకొంటిని. "అట్లయిన ఈ దినము కూర్చుండుడు" అని ఆమె నన్ను కుర్చీ చూపి కూర్చుండబెట్టి తన పని చేసికొని పోయినది.

ఉదయపు ఫలాహారమునకు క్రింది శాలకు పోతిమి. మాంసము, గ్రుడ్డు కూడదని తమ్ముడు ముందుగనే తెలియజేసి యుండెను గనుక చిక్కు కలుగలేదు. ఆ దేశమునకు పోవు సోదరీమణులు ఈ సంగతి ముందుగా వ్రాసి పంపుట మంచిది. పాలలో నుడికించిన ఓట్ల జావ, పండ్లు, వెన్న, తేనె తెచ్చి యిచ్చిరి. వానితోపాటు గోధుమ వన్నె గల ఒక మోటురొట్టె పెట్టిరి. పుల్లని వాసన పరిచితముగా తోచి, ఇది దేనితో పొంగినదని వడ్డించు నామె నడిగితిని. దీనిలో పులియబెట్టు పదార్థము లేదనియు, గోధుమపిండి, ఉప్పు, వంటసోడా, మజ్జిగ కలిపి తడవు చేయక కాల్చెదరనియు, పైన కత్తితో అడ్డముగా నిలువుగా రెండు గాట్లు పెట్టుదురనియు ఆమె చెప్పినది. మజ్జిగ! ఏడు సముద్రముల కావల మజ్జిగతో పిండి కలుపు ఇల్లాండ్రున్నారని విన్నంతనే ఆ శాల నాకు సగము పరాయితనము విడిచినది. సోడాలోని క్షారమును మజ్జిగలోని పులుపును కలిసి వాయువు పుట్టి రొట్టెను పొంగించునని మా వారు శాస్త్రము చెప్పిరి. వారు చెప్పుచుండగా నేను మూడవ ముక్క తింటిని. తేనీరును వా రడుగంటునట్లు చిక్కగా కాచి పాలు పోసికొందురు. ఆ విషయమున మనకును వారికిని తగవు లేదు.

తోటలోనికి పోయినపుడు ఆకాశము ఒక గంటలో మూడు మాఱులు ఏడ్చి మూడు మాఱులు నవ్వినది. శాలువయు గొడుగును వెంట నుండవలెను. చెరువులో బాతులు, హంసలు, గట్టున పిల్లలు. ఇంత ప్రశాంతమైన ఈ చోట 1916వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీని తిరుగుబాటుదారులు కందకములు త్రవ్వి నిలిచిరి. వారి నాయకులలో నొకతె కౌంటెస్ మార్కీవిచ్ అను స్త్రీ. మఱునాటి వేకువను ఆంగ్ల సైనికులు మేము దిగిన ఈ హోటలు పై యంతస్తు కిటికీలనుండియే మరతుపాకులతో తోటమీదికి కాల్చిరి. తిరుగుబాటుదారులు తోట విడిచి పడమటనున్న వైద్యకళాశాల భవనములో చేరవలసి వచ్చినది. ఆ పోరు నడుమను తోటమాలి బాతులకు మేత వేయుటకు వచ్చినపు డెల్ల ఇరుపక్షములవారును కాల్పులు ఆపెడివారని అక్కడివారు నేటికిని చెప్పుకొందురు. ఎంత యుద్ధమైనను, ఆకలిగొన్నవారికి వేళకు మేత వేయువారిని అడ్డరాదని వారికిని తెలిసినది గదా యనుకొంటిని.

మార్కీవిచ్‌కు మరణశిక్ష విధించి, స్త్రీ యగుటచే దానిని యావజ్జీవ ఖైదుగా మార్చిరి. 1918వ సంవత్సరమున ఆంగ్లేయుల పార్లమెంటునకు ఎన్నికైన మొదటి స్త్రీ ఆమెయే. ఆ సభలో కూర్చుండుటకు నిరాకరించి, 1919లో ఐర్లండువారు స్థాపించుకొన్న సభలో కార్మికశాఖ మంత్రిణి యైనది. ఆమె ప్రతిమ తోటలో నున్నది. ఆ తోట దక్షిణపు అంచున ఆ నాటి విశ్వవిద్యాలయ కళాశాల భవనము లున్నవి. మన వరాహగిరి వేంకటగిరిగారు 1913 మొదలు 1916 వఱకు ఆ కళాశాల విద్యార్థులే. ఆ తిరుగుబాటు తరువాత దేశము విడిచి పొమ్మని ఆజ్ఞ యైన ఆ తెలుగు బిడ్డ 1969లో మనకు రాష్ట్రపతి యైనాడు. ఇచటికి కొంత దూరమున నున్న డబ్లిను కోట కిటికీలు పగులగొట్టి, స్త్రీలకు వోటు కొఱకు 1913లో చెఱసాలకు పోయిన మార్గరెట్టు కజిన్సుగారు తరువాత మా యూరికి వచ్చిరి. ఈ తోటలో నిలిచి చూడగా ఆ దేశము నాకు అంత దూరమని తోచలేదు.

మధ్యాహ్నము మా వారి కోరిక తీరినది. హోటలులోని 112వ నంబరు గది ఖాళీగా నుండుటచే సిబ్బంది దయతో మాకు చూపిరి. 1922వ సంవత్సరము తొలి నెలలలో ఐర్లండు స్వేచ్ఛారాజ్య రాజ్యాంగమును ఈ గదిలోనే కూర్చుండి వ్రాసిరి. మైకేల్ కాలిన్సు ఆ సంఘమునకు అధ్యక్షుడు. సభ్యులలో జేమ్సు మెక్‌నీల్ అనునాయన మన దేశమున ఐ.సి.ఎస్. ఉద్యోగము చేసి వచ్చినవాడు. ఆదేశిక సూత్రములను మన రాజ్యాంగ కర్తలు ఐర్లండునుండి గ్రహించిరని మా వారు ఏటేట పదవ తరగతి పిల్లలకు చెప్పుచున్నారు. అవి 1937వ సంవత్సరపు రెండవ రాజ్యాంగములోనివి. ఇచట వ్రాసినది మొదటిది. ఐనను వారు గుడిలో అడుగిడినట్లు చెప్పులు విడువబోయి, తివాచీని చూచి సిగ్గుపడి మానుకొనిరి.

ఆ మొదటి రాజ్యాంగము 21 ఏండ్లు నిండిన స్త్రీ పురుషు లందఱికిని సమానముగా వోటు నిచ్చినది. అప్పటికి పొరుగున నున్న ఇంగ్లండులో 30 ఏండ్లు నిండని స్త్రీలకు వోటు లేదు. 1928 వఱకు రాలేదు. ఇంత చక్కగా వ్రాసిన ఆ సంఘములో స్త్రీ ఒక్కతెయు లేదు. ఆ దినములలో వారి భోజన పానములు, దుప్పట్లు, దీపములు చూచినవారి పేర్లు గోడమీద లేవు. ఈ తలపు రాగానే ఉదయము మా గదికి వచ్చిన బ్రెజిలు సోదరి నాకు జ్ఞప్తికి వచ్చినది.

ఆ రాత్రి ఇంకను వెలుతురుండగా మేమిద్దఱము కిటికీయొద్ద కూర్చుంటిమి. తమ్ముడు చెప్పిన సంగతి నొకదానిని మా వారు మరల ప్రస్తావించిరి. 1937వ సంవత్సరపు రాజ్యాంగములో స్త్రీ తన ఇంటి జీవితముచే దేశమునకు చేయు తోడ్పాటు లేనిదే సర్వజనుల మేలు సిద్ధింపదను నర్థముగల ఒక నిబంధన కలదు. పేదఱికముచే తల్లులు ఇంటి ధర్మములు విడిచి పనికి పోవలసిన యవస్థ రాకుండ ప్రభుత్వము ప్రయత్నింపవలెనని కూడ నందున్నది. ఇది స్త్రీని ఇంటికి కట్టివేయుచున్నదని పలువురు చిరకాలముగా వాదించుచు వచ్చిరి. 2024వ సంవత్సరము మార్చి 8వ తేదీని, అనగా మహిళా దినమున, దానిని తొలగించి కుటుంబములోని వా రందఱు ఒకరి కొకరు చేయు సేవను గూర్చి వేఱొక వాక్యము పెట్టుదుమా యని ప్రజల నడిగిరి. నూటికి 73 మందికి పైగా వలదనిరి. పాతది మంచిదని కొందఱు. క్రొత్త వాక్యములో ప్రభుత్వపు బాధ్యత చాలలేదని కొందఱు. నిబంధన అట్లే నిలిచినది.

"నాకు ఆ వాక్యము బాగుగనే తోచుచున్నది. ఇంటి పనికి రాజ్యాంగములో చోటిచ్చినారు గదా!" అని మా వారనిరి.

"మీరు నా దరఖాస్తులో ఏమని వ్రాసితిరి?" అని యడిగితిని.

వారు వెంటనే గ్రహింపలేదు. గ్రహించిన పిదప, "అది కాగితపు మాట. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో నేను ఇల్లిల్లు తిరిగి వ్రాసినదియు నంతే. ఇంటి పనులు అను గడి పని చేయనివారి గడులలోనే యున్నది. అది నేను కల్పించినది కాదు" అనిరి.

"మీరు కల్పింపలేదు. నింపితిరి."

అంతకంటె నేను మాటాడలేదు. పదునేడేండ్లలో వారు నన్ను కఠినముగా ఒక్క మాట యన్నవారు కారు. ఆ మాట యనుటకు నాకును నొప్పిగానే యుండినది. తోటమీద వెలుతురు నెమ్మదిగా తగ్గినది. క్రింద ద్వారముకడ దీపకాంతల దీపములు వెలిగినవి. చాలసేపటికి వారు, "ఆ లెక్కలలో మన వీథిలోని ఇండ్లును నేనే వ్రాసితిని. మన యింటికి వచ్చినపుడు నీవు కాఫీ తెచ్చి యిచ్చితివి. అది త్రాగుచు నిన్ను పని చేయనివారిలో వ్రాసితిని" అని, నవ్వబోయి నవ్వలేకపోయిరి.

మఱునాడు నేను లేచునప్పటికి ఎండ వచ్చినది. పెండ్లియైన నాటినుండి వారు నాకంటె ముందు లేచిన దినము నాకు జ్ఞప్తి లేదు. నేను స్నానము చేసి వచ్చునప్పటికి మంచము సవరింపబడి యున్నది. దుప్పటి ఒకవైపు నేలను తాకుచున్నది, ఇంకొకవైపు పరుపు కనబడుచున్నది. దిండ్లు పరీక్షలో తప్పిన పిల్లలవలె తలలు వంచుకొని యున్నవి. తొమ్మిది గంటలకు బ్రెజిలు సోదరి వచ్చి, మంచమును చూచి, మా వారిని చూచి, నన్ను చూచి, "ఈ దినము మీ సెలవు కాబోలు!" అనెను. ముగ్గురమును నవ్వితిమి. ఆమె దుప్పటి కొస యెట్లు మడిచి పరుపు క్రిందికి త్రోయవలెనో మా వారికి చూపినది. ఇరువదేండ్లుగా పిల్లలకు పాఠములు చెప్పిన మనిషి చేతులు కట్టుకొని శ్రద్ధగా నేర్చుకొనిరి.

వెడలునపుడు మరల మెట్లమీద నిలిచి ఆ నలుగురు స్త్రీల కాళ్ళవైపు చూచితిని. పండితులు కడియములని తేల్చిన మాట నిజమే కావచ్చును. ఐనను అది కడియమో సంకెలయో తెలిసికొనుటకు శిల్పి పనితనము చూడనక్కఱలేదని నాకు తోచినది. ధరించినయామె తనంత తాను దానిని తీసి పెట్టెలో నుంచి, మరల వేడుక పుట్టినపుడు పెట్టుకొనగలిగినచో కడియము. తీయరానిది ఎంత మెఱుగు పెట్టినను సంకెలయే.

సోదరీమణులారా, ఇంటి పని హీనమని చెప్పుటకు నేనీ వ్యాసము వ్రాయలేదు. మజ్జిగ రొట్టె చేయు చేతికిని, రాజ్యాంగము వ్రాయు చేతికిని నేను భేదము చూపను. ఆ రెండు దినములు వడ్డించినవారి చేత తినుటచే, వడ్డించుట యెంత పనియో నాకు మొదటిసారి తెలిసినది. మీలో ఎవరికైనను అట్టి యవకాశము లభించినచో, డబ్లినులోనే కానక్కఱలేదు, మన ప్రక్క యూరిలో చిన్నమ్మ యింటనైనను, చేతులు కట్టుకొని రెండు పూటలు అతిథిగా కూర్చుండి చూడుడు. మొదటి గంట కష్టముగా నుండును. పిదప అలవాటగును.

మా యింట ఇప్పుడు ఆదివారపు ఉదయము కాఫీ మా వారిది. డికాక్షను ఒక వారము పలుచన, ఒక వారము చేదు. నేను వంక పెట్టక త్రాగుచున్నాను. రాబోవు జనాభా లెక్కలలో ఆ గడిని మార్చుట వారి చేతిలో లేదు. కాని మొన్న రేషను కార్డు సవరణకై కాగితము నింపుచు, నా పేరు కెదుట వృత్తి యన్నచోట కలము నాపి, "ఏమని వ్రాయుదును?" అని నన్నడిగిరి. వా రడిగినందులకే నాకు సంతోషమైనది. ఏమని చెప్పవలెనో నే నింకను ఆలోచించుచున్నాను.